మందుల సంగతి మీకు తెలిసినదే

ఆస్పత్రి వరండా,
ఫిబ్రవరి, రెండో మంగళవారం

వదినా,

పోయిన వారం మూడుసార్లు ఫోను చేశాను. మూడుసార్లూ నువ్వే ఎత్తావు. మూడుసార్లూ "మీ అన్నయ్య స్నానం చేస్తున్నాడు" అన్నావు. అన్నయ్య లెక్కల మాస్టారని తెలుసు గాని, ఇంతసేపు నీళ్ళలో ఉండే మనిషని నాకు తెలియదు. సరే, నీతో చెప్పాల్సింది కూడా ఫోనులో తేలే సంగతి కాదు కాబట్టి కాగితం తీశాను.

నా చెవుల గది తెరిచాను. రెండేళ్ళపాటు ప్రతి శనివారం బస్సెక్కి వచ్చి, మీ ఊళ్ళో చెవుల పెద్ద డాక్టరుగారి పక్కన నిలబడి, ఆయన విసుక్కుంటుంటే నేర్చుకున్న విద్య వృథా పోలేదు. ఉదయం పూట ఎప్పటిలాగే జ్వరాలు, కడుపునొప్పులు, రక్తపోట్లు, నడుంనొప్పులు. మంగళ, శుక్రవారాల్లో మధ్యాహ్నం మాత్రం వరండాకి అవతలి గదిలో చెవులు. ఈ ఊరికి ఉన్న ఒక్క డాక్టరునీ నేనే, ఒక్క చెవుల డాక్టరునీ నేనే.

చిక్కు అక్కడే వచ్చింది. మామూలు డాక్టరు ఉత్తరం రాసి పంపితేనే చెవుల గదిలో రోగిని చూడాలని రూలు ఉంది. "ఆ మామూలు డాక్టర్ని నేనే కదయ్యా" అన్నాను మా గుమస్తాతో. "రూలులో మీరా, ఇంకొకరా అని లేదమ్మా. ఉత్తరం అని ఉంది" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను, ఆయనతో వాదించడం కంటే ఉత్తరం రాసుకోవడమే తేలిక. కాబట్టి ఉదయం నేను రాస్తాను:

"గౌరవనీయులైన చెవుల డాక్టరుగారికి: ఈ రోగికి నెల రోజులుగా ఎడమ చెవి వినిపించడం లేదు. దయచేసి చూడగలరు."

మధ్యాహ్నం వరండా దాటి వెళ్ళి, కవరు చించి, అదేదో కొత్త విషయమైనట్టు చదువుకుని, జవాబు రాస్తాను:

"తమరు పంపిన రోగిని చూశాను. చెవిలో గుబిలి గట్టిపడింది, తీసేశాను. ఇంత చిన్న పనికి నెల రోజులు ఎందుకు ఆగారో అర్థం కాలేదు."

జవాబు అందుకున్నాక నాకు నిజంగానే కోపం వచ్చింది వదినా. రోజుకి డెబ్బైమందిని చూసేదానికి తెలుస్తుంది ఆ బాధ. వారానికి ఇరవై చెవులు చూసుకునే ఆవిడకేం తెలుసు?

ఇక అసలు సంగతి. నాలాంటి మామూలు డాక్టర్లు ఇలా సగంపూట ఇంకో విద్య చేయవచ్చా కూడదా అని తేల్చడానికి కమిటీ వేశారట. నా గదితోనే మొదలుపెడతారట. అందులో నువ్వు ఉన్నావని విన్నాను. నిన్ను సిఫార్సు అడగడం లేదు. నా పని చూసి చెప్పమంటున్నాను, అంతే. ఈ గది మూతపడితే నాకు చాలా బాధగా ఉంటుంది. అది కూడా ముందే చెప్పేస్తే పోతుంది.

అన్నయ్య ఒళ్ళు తుడుచుకున్నాక ఒకసారి ఫోను చేయమను.

నీ ఆడపడుచు

———

ఊపిరితిత్తుల విభాగం, మూడో అంతస్తు,
ఫిబ్రవరి, చివరి గురువారం

మరదలు పిల్లకి,

నీ ఉత్తరం రోగుల వరస మధ్యలో చదివి నవ్వాను. ఎదురుగా ఉన్న రోగి తన ఎక్స్‌రే చూసి నవ్వాననుకుని కంగారుపడ్డాడు. ఇకమీదట ఇంటి అడ్రసుకు రాయి.

కమిటీలో ఉన్నమాట నిజమే. ఐదుగురం. నీకూ నాకూ ఉన్న చుట్టరికం అధ్యక్షుడికి మొదటిరోజే చెప్పేశాను. ఆయన డెబ్బై ఏళ్ళ పెద్ద సర్జన్. "అయితే మరీ మంచిదమ్మా, వదిన ఆడపడుచు పక్షం వహించిందని లోకంలో ఎవరూ అనరు" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కాగితాలు సర్దుకున్నాను.

నా అభిప్రాయం దాచను. ఇరవై రెండేళ్ళుగా నేను ఛాతీ తప్ప మరొకటి చూడలేదు. ఇప్పటికీ ఒక ఎక్స్‌రే పట్టుకుని కిటికీ దగ్గర అరగంట నిలబడే రోజులున్నాయి. ఇరవై రెండేళ్ళ తర్వాత నాకే ఇంత భయం ఉంటే, వారానికి రెండు పూటలు చూసే నీకు ఎంత ఉండాలి? ఉండాల్సినంత లేదని నీ ఉత్తరంలోని హుషారే చెబుతోంది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాళ్ళు ఏ పడవ మునిగిందీ చివరిదాకా చెప్పలేరు.

అయినా చూడకుండా తీర్పు చెప్పను. గది తెరిచిన రోజు నుంచి వరసగా యాభైమంది కాగితాలు పంపు. నువ్వు నీకు రాసుకున్న ఉత్తరాలు, నువ్వు నీకిచ్చుకున్న జవాబులు, రెండూ ఉండాలి. జూలైలో కూర్చుంటాం.

మీ అన్నయ్య కులాసా. పరీక్షల రోజులు కదా, గొంతుకి కాస్త విశ్రాంతి ఇమ్మని చెప్పాను. అందుకే ఫోను ఇవ్వడం లేదు. స్నానం సంగతి తొందరలో నోటికొచ్చింది.

నీ వదిన

———

ఆస్పత్రి వరండా,
ఏప్రిల్, మొదటి శుక్రవారం

వదినా,

కాగితాల కట్ట వేరే పార్సిల్‌లో పంపాను. మా గుమస్తా దానికి దారం మూడు పేటలుగా కట్టాడు. విప్పడానికి నీకు సర్జన్ కావాలి, మీ అధ్యక్షుణ్ణి పిలుచుకో.

కట్ట విప్పేలోపు పన్నెండో కేసు సంగతి చెబుతాను. మా పోస్ట్‌మాన్. ఊళ్ళో అందరూ అతనికి పొగరనుకునేవాళ్ళు. పిలిస్తే పలకడు, నమస్కారం పెడితే తలెత్తడు. రెండు చెవుల్లోనూ కలిపి ఎన్నేళ్ళ గుబిలి ఉందో తెలియదు, తీసేసరికి నా చెయ్యి నొప్పెట్టింది. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. "ఏమయ్యా, నొప్పా?" అన్నాను. "నొప్పి లేదమ్మా. ఇరవై ఏళ్ళుగా మా ఆవిడ నామీద ఏమనుకుంటోందో ఈ వారమే విన్నాను. తీసింది మళ్ళీ పెట్టే వీలుందా?" అన్నాడు.

లేదని రాసి పంపాను. ఉదయం డాక్టరుకేలే.

ఈ ఇద్దరి మధ్యా పోరు నాకు చావుకొచ్చింది. జనానికి మధ్యాహ్నం డాక్టరంటే గౌరవం. ఒక ముసలావిడ నా మొహం మీదే, "పొద్దున ఉండే ఆవిడ నాలుక చాపమంటుంది, మాత్రలు రాస్తుంది, పంపేస్తుంది. మీరు అలా కాదమ్మా, నెమ్మదిగా చూస్తారు" అంది. ఆవిడకి చూపు కూడా తక్కువేనని తెలిసి కాస్త ఊరట పడ్డాను.

నీ మాట మీద ఒక్క మాట. భయం లేదన్నావు. ఇక్కడినుంచి మీ ఆస్పత్రికి బస్సులో మూడు గంటలు. చెవి నొప్పి అని ఎవరు వస్తారు? రారు. చీము పట్టి, వినికిడి పోయాక, ఇక చేసేదేమీ లేనప్పుడు వస్తారు. ఆ వచ్చేవాళ్ళని మీ చెవుల డాక్టరుగారి పక్కన నిలబడి రెండేళ్ళు చూశాను. నేను గది తెరిచింది హుషారు పట్టలేక కాదు.

కాగితాలు చూసి తిట్టాలనుకుంటే తిట్టు. అన్నయ్య గొంతు ఎలా ఉంది? పరీక్షలు అయిపోయాయి కదా.

నీ ఆడపడుచు

———

కమిటీ పనిమీద, ఇంటినుంచే,
మే, రెండో ఆదివారం

డాక్టరుగారికి,

మీరు పంపిన కట్ట అందింది. దారం కత్తెరతో కత్తిరించాను. కాగితాలన్నీ చదివాను.

పని శుభ్రంగా ఉంది. రెండు చోట్ల మందు ఇంకో వారం వాడి ఉండాల్సిందని మా చెవుల విభాగం వాళ్ళు అన్నారు. ఒక చోట మీ చూపు తమకంటే చురుకని ఒప్పుకున్నారు. ఒప్పుకునేటప్పుడు మొహాలు ఎలా ఉన్నాయో నేను రాయను.

అడిగింది యాభై. వచ్చింది నలభై తొమ్మిది. ముప్ఫై తర్వాత ముప్ఫై రెండు ఉంది. కాగితాల మీద అంకెలు వేసింది మీ గుమస్తా. రూలు తప్పని ఆ మనిషి అంకె తప్పుతాడని నేననుకోను. పైగా కట్టతో పాటు వచ్చిన మీ చీటీలో, "అన్నీ ఉన్నాయి, సరిచూసుకోనవసరం లేదు" అని ఉంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ మాట.

ముప్ఫై ఒకటో మనిషి ఎవరు? ఏమైంది? వదినగా అడగడం లేదు కాబట్టి ఈ ఉత్తరంలో మీరు అంటున్నాను. వదినగా అడగాల్సి వస్తే ఇంత మర్యాదగా ఉండదు.

ఇట్లు,
కమిటీ సభ్యురాలు

———

ఇంట్లో, గది తలుపు వేసుకుని,
మే, మూడో బుధవారం

వదినా,

దొరికిపోయాను. నువ్వు లెక్కపెడతావని తెలిసి కూడా పంపాను. దొరకాలనే పంపానేమో, నాకే తెలియడం లేదు.

ముప్ఫై ఒకటి మా దర్జీ పెద్దాయన. వీధి మొదట్లో కుట్టుమిషను వేసుకుని కూర్చుంటాడు. అరవై ఎనిమిదేళ్ళు. ఆయన కత్తిరిస్తుంటే చూడాలి, కత్తెర గుడ్డమీద ఆగదు. మార్చి మొదట్లో ఆయన రక్తపోటు తగ్గడం లేదని నేనే, అంటే ఉదయం నేను, రెండో మాత్ర కలిపాను. పది రోజులకి తల తిరుగుతోందని వచ్చాడు. ఆరోజు బయట గుంపు విరగబడి ఉంది. తల తిరగడం అంటే చెవి కావచ్చు కదా, మధ్యాహ్నం చూద్దాంలే అనుకుని రెండు ముక్కలు రాసి పడేశాను. ఏం రాశానో చూడు. ఆ కాగితం నా ముందే ఉంది.

"లేస్తే తల తిరుగుతోందట. చూడగలరు. మందుల సంగతి మీకు తెలిసినదే."

నాకు నేనే కదా రాసుకుంటున్నది, తెలియకపోవడమేమిటి అనుకున్నాను. మధ్యాహ్నం అవతలి గదిలో కూర్చుని అదే కాగితం చదివాను. 'మందుల సంగతి మీకు తెలిసినదే' అని ఉంది. ఓహో, ఉదయం డాక్టరు మందులు చూసుకునే ఉంటుంది, అందుకే నన్ను అడగడం లేదు అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను వదినా. ఆమె నన్ను నమ్మింది. నేను ఆమెను నమ్మాను. చూడాల్సిన మనిషి ఎవరూ లేరు.

చెవి లోపల తూకం చెడిందని తేల్చి, తల ఇటూ అటూ తిప్పించే చికిత్స చేశాను. పెద్దాయన మర్యాదస్తుడు. "తేలిగ్గా ఉందమ్మా" అన్నాడు. నాలుగో రోజు మిషను ముందునుంచి లేచి, మెట్టు దిగబోయి పడిపోయాడు. కుడి మణికట్టు విరిగింది. ఎముకల డాక్టరు కట్టు వేసి, కింద ఒక ముక్క రాశాడు: కూర్చున్నప్పుడు రక్తపోటు బాగుంది, నిలబడగానే పడిపోతోంది, మాత్రలు ఎక్కువైనట్టున్నాయి. ఆ ముక్క చదవగానే నా కాళ్ళకింద నేల కదిలింది. నా చెవులకేం జబ్బు లేదు మరి.

మాత్ర మానిపించాను. తల తిరగడం తగ్గింది. ఎందుకు తగ్గిందో ఆయనకి చెప్పలేదు. ఆయన తన కాలే జారిందనుకుంటున్నాడు. ఎడం చేత్తో నమస్కారం పెట్టి, "మీరు చెవి బాగుచేశారు గాని నా ఖర్మ బాగాలేదు" అంటున్నాడు. రెండు నెలలుగా ఆ మాట వింటున్నాను. ఆ వీధిలోంచి వెళ్ళడం మానేసి చుట్టు తిరిగి వస్తున్నాను.

నువ్వన్నదే నిజం. గది మూసేస్తాను. కమిటీదాకా ఎందుకు?

ఆడపడుచు

———

ఇల్లు, వంటింటి బల్ల,
జూన్, మొదటి సోమవారం

పిల్లా,

తిట్లు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. రెండుసార్లు రాసి చించేశాను. తిట్టడానికి నాకు అర్హత ఎంత ఉందో ఈ ఉత్తరం చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది.

ముందు నీ సంగతి. గది మూస్తావో తెరుస్తావో తర్వాత. ముందు ఆ పెద్దాయన దగ్గరికి చుట్టు తిరక్కుండా తిన్నగా వెళ్ళి చెప్పు. నువ్వు గది మూసినంత మాత్రాన ఆయనకి జరిగింది ఏమిటో తెలియదు కదా. ఆయన చెయ్యి విరిగితే నువ్వు గది విరగ్గొట్టుకుంటే సరిపోతుందా?

ఇక నా సంగతి. మీ అన్నయ్య స్నానం చేయడం లేదు. అంటే రోజూ చేస్తాడు, అది కాదు నేననేది. దగ్గుతున్నాడు. ఆరు నెలల నుంచి. పొడి దగ్గు. ఫోను ఎత్తాడంటే మరీ ఎక్కువ, రెండు మాటలు మాట్లాడేలోపు ఊపిరి ఆడనంత దగ్గు. నువ్వు వింటావనే నీకు ఫోను ఇవ్వలేదు. ఊపిరితిత్తుల డాక్టరు మొగుడు దగ్గుతున్నాడంటే వినడానికి ఎంత బాగుంటుందో నువ్వే చెప్పు. బడిలో పిల్లలకి ఆయన దగ్గే గంట. మెట్ల మీద దగ్గు వినిపించగానే పుస్తకాలు తెరిచి కూర్చుంటున్నారట.

ఎక్స్‌రే రెండుసార్లు తీయించాను. స్కాను ఒకసారి. ఊదే పరీక్ష నాలుగుసార్లు. కడుపులో పులుపు పైకి ఎగదన్నుతోందేమోనని రెండు నెలలు మందిచ్చాను. మా ముక్కు డాక్టరుకి చూపించాను, ఆయన ముక్కు చూశాడు. గొంతు డాక్టరు గొంతు చూశాడు. చెవికి ఇంకొకాయన ఉన్నాడు గాని దగ్గుకి చెవి డాక్టరు ఎందుకని ఎవరూ అటు పోలేదు. అందరూ బాగుందన్నారు. అందరూ నా స్నేహితులే, అందరూ నా మొహం చూసి జాలిపడ్డారు. నేను మాత్రం లోపలే భయపడుతున్నాను. మా చేతికి దొరకని దగ్గులు ఏమవుతాయో నేను చూశాను.

నీకు చూపిద్దామని ఆయన మూడుసార్లు అన్నాడు. "పెరటి చెట్టు మందుకి పనికిరాదులెండి" అన్నాను. ఆ మాట నీ గురించి అన్నాననుకున్నాను. తీరా చూస్తే ఆయన పెరట్లో ఉన్నది నేను.

శనివారం ఆయన్ని పంపుతున్నాను. నువ్వు ఉదయం డాక్టరువా, మధ్యాహ్నం డాక్టరువా, నాకు అనవసరం. ఉత్తరం జతచేస్తున్నాను. నేను ఇంతవరకు ఆయన గురించి ఒక్క కాగితం రాయలేదు. ఇంట్లో మనిషే కదా, అన్నీ తెలుసుగా అనుకున్నాను. ఇవాళ రాయబోతే మూడుచోట్ల పెన్ను ఆగిపోయింది.

నీ వదిన

(జతచేసినది)

గౌరవనీయులైన మామూలు వైద్యురాలికి,

రోగి వయసు యాభై మూడు. లెక్కల మాస్టారు. నా భర్త. దగ్గు ఆరు నెలల నుంచి. సరిగ్గా ఏ రోజు మొదలైందో నాకు తెలియదు, ఆయనకి తెలుసు. రోజుకి ఎన్నిసార్లు దగ్గాడో గీతల కాగితం మీద గీస్తున్నాడు. నేను ఆ కాగితాన్ని ఎప్పుడూ చూడలేదు. ఏ పక్కకి తిరిగి పడుకుంటే ఎక్కువో తెలియదు. అప్పట్లో కొత్తగా ఏమి మొదలుపెట్టాడో తెలియదు.

వాడిన మందులు ఏడు. పేర్లు, మోతాదులు, తేదీలు వెనక పేజీలో ఉన్నాయి. ఏడూ పనిచేయలేదు.

గమనిక: రోగి చెప్పిన మాట వినడు. వైద్యురాలు చెల్లెలి హోదా వాడుకోవచ్చు.

———

ఆస్పత్రి, రెండు గదుల మధ్య,
జూన్, మూడో మంగళవారం

వదినా,

ముందు నువ్వు చెప్పినదే చేశాను. దర్జీ పెద్దాయన దగ్గరికి తిన్నగా వెళ్ళాను. మిషను మీద దుమ్ము పడకుండా గుడ్డ కప్పి ఉంది. నిలబడే చెప్పాను, కూర్చోమన్నా కూర్చోలేదు. మాత్ర ఎక్కువ చేసింది నేను, అది మరిచిపోయి చెవి చూసింది నేను, మీ కాలు జారలేదు, నేనే పడేశాను అన్నాను.

మిషను మీది గుడ్డ అంచు ఎడం చేత్తో సర్దాడు. తర్వాత, "ఇద్దరు డాక్టర్లలో తప్పు ఎవరిదమ్మా?" అన్నాడు.

"ఇద్దరిదీ" అన్నాను.

"నేనూ కొలత తీసేది ఒకరోజు, కత్తిరించేది ఒకరోజు. ఒకసారి గుర్తుందిలే అని చీటీ రాసుకోలేదు. చొక్కాకి ఒక చెయ్యి పొట్టిదైంది. మీ గుమస్తాదే. ఇప్పటికీ తొడుక్కుంటున్నాడు, బిల్లు ఇచ్చాక తొడుక్కోవాలని రూలట."

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

"చొక్కా అయితే ఇంకోటి కుట్టిచ్చాను. ఈ చేతికి ఎవరు కుడతారమ్మా?" అన్నాడు.

ఏడ్చాను. పెద్దాయన నన్ను ఊరడించలేదు, ఊరడించాలని నేనూ కోరుకోలేదు. బయల్దేరేటప్పుడు మాత్రం, "మంగళవారం వస్తాను. నా మందుల చీటీ నేనే చదువుతాను, మీరు వినండి" అన్నాడు. ఈరోజు వచ్చాడు. ఉదయం గదిలో నిలబడి ఒక్కో మాత్ర పేరూ చదివాడు, సగం తప్పుగా. మధ్యాహ్నం గదిలో మళ్ళీ చదివాడు. రెండు చోట్లా లేచి నిలబడి విన్నాను. కట్టు విప్పారు. వేళ్ళు కదులుతున్నాయి. కత్తెర పట్టడానికి ఇంకా రెండు నెలలు పడుతుందట.

ఇక నీ రోగి. శనివారం దిగాడు, చంకలో గీతల కాగితం చుట్ట. బల్ల మీద పరిస్తే ఈ చివరినుంచి ఆ చివరిదాకా వచ్చింది. నీ ఉత్తరం పక్కన పెట్టుకుని ఉదయం గదిలో కూర్చోబెట్టాను. గంటన్నర అడిగాను. తిండి, నిద్ర, చాక్‌పీసు దుమ్ము, కొత్త తలగడ, అన్నీ. నీకు పెన్ను ఆగిన మూడు చోట్లా ఎక్కువసేపు అడిగాను. గంటన్నరలో ఆయన దగ్గింది నాలుగుసార్లు. నువ్వు రాసినంత లేదే అనుకుంటుండగా, చేరానని నీకు చెప్పడానికి ఫోను ఎత్తాడు. అంతే, దగ్గు తెర.

ఎదురుగా కూర్చుని గంటన్నర మాట్లాడిన మనిషికి ఫోనులో అర నిమిషానికే ఎందుకు రావాలి? మాట కాదు కదా మరి దగ్గుకి కారణం. "ఆ ఫోను కుడి చెవికి పెట్టుకో" అన్నాను. పెట్టుకున్నాడు. రాలేదు. "ఎడమ చెవికి పెట్టు." వచ్చింది. నాలుగుసార్లు మార్పించాను. అవతల నువ్వు "ఏమిటా ఆటలు?" అని అరవడం నాకు వినపడింది.

కాగితంలో మొదటి గీత డిసెంబరులో ఒక సోమవారం. ముందు రోజు ఏం చేశావంటే క్షవరం అన్నాడు. పాత మంగలి దుకాణం మూసేస్తే కొత్త కుర్రాడి దగ్గరికి వెళ్ళాడట. ఆ కుర్రాడు తల అయ్యాక చెవుల్లో వెంట్రుకలు కూడా మిషనుతో కత్తిరించాడట, అడగకుండానే.

ఇక్కడ నేను ఆగాను. వెంటనే లేచి అద్దంతో చూడవచ్చు. చూడలేదు. కూర్చుని నాకు నేను రెండు పేజీల ఉత్తరం రాసుకున్నాను. ఏడు మందులూ, తేదీలూ, ఫోనూ, క్షవరమూ, చదివేది ఎవరో పరాయి మనిషి అన్నట్టు రాశాను. తర్వాత వరండా దాటి వెళ్ళి చదివాను. ఆయన లోపలికి వచ్చి, "ఇందాక చూసిన ఆవిడ బాగా సతాయించిందండీ" అన్నాడు. మా వంశంలోనే ఉంది ఈ రోగం.

చెవిలో కర్ణభేరికి ఆనుకుని ఒక కత్తిరించిన వెంట్రుక. ఒక్కటే. అటు నుంచి గొంతుకు పోయే నరం ఒకటుంది, దాన్ని గీకుతూ కూర్చుంది. తీశాను. శనివారం సాయంత్రం నుంచి ఈరోజు వరకు కాగితంలో గీత లేదు. ఆ వెంట్రుకని కాగితంలో మడిచి జేబులో పెట్టుకున్నాడు, నీకు చూపిస్తాడట. పదకొండు మిల్లీమీటర్లు ఉందట. నేను కొలవలేదు.

నిన్ను ఓడించానని చంకలు గుద్దుకోవాలని ఉంది. గుద్దుకోలేకపోతున్నాను. అన్నయ్య చెవిలో వెంట్రుక దొరికినంత మాత్రాన దర్జీ పెద్దాయన చెయ్యి అతుక్కోదు. ఈ రెండూ చేసింది ఒకే మనిషి. ఈ రెండిట్లో ఒకటి మాత్రం చూపించి నన్ను లెక్కకట్టమని అడగలేను.

ముప్ఫై ఒకటో కాగితం పంపుతున్నాను. కట్టలో పైన పెట్టు. వదినా, ఈ గది నాకు కావాలి. మూసేస్తానన్నది భయంతో అన్నమాట. కావాలని అడుగుతున్నాను. ఆపైన మీ ఇష్టం.

నీ ఆడపడుచు

———

ఇల్లు, వంటింటి బల్ల,
జూలై, చివరి శుక్రవారం

పిల్లా,

వెంట్రుక వచ్చింది. దాన్ని ఒక గాజుపలక మీద అతికించి నా బల్ల మీద పెట్టాడు మీ అన్నయ్య. కింద "ఇరవై రెండేళ్ళ అనుభవం" అని రాశాడు. ఆరు నెలలు ఊపిరి బిగబట్టుకుని బతికాను కాబట్టి ఊరుకున్నాను. లేకపోతే గాజుపలక ఎక్కడ ఉండేదో నీకు తెలుసు.

కమిటీ నిన్న కూర్చుంది. నేను ముందే లేచి చెప్పేశాను. ఆడపడుచు అన్నది వేరు, నా భర్తకి ఆ గదిలో వైద్యం జరిగింది, బాగుపడ్డాడు, ఇక నేను ఓటు వేయకూడదు అన్నాను. కాగితాలు వాళ్ళ ముందు పెట్టి బయటికి వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. ఆ బెంచీ మీద రోజూ నా రోగులు కూర్చుంటారు. ఒక కాలు పొట్టిది, ఊగుతుంది. ఇన్నేళ్ళలో నాకు ఎవరూ చెప్పలేదు.

లోపల ఇద్దరు వద్దన్నారు. ఇద్దరు సరేనన్నారు. ఆ సరేనన్న ఇద్దరిలో అధ్యక్షుడు ఒకడు. చెరిసగమైతే ఆయన మాటే చెల్లాలి కాబట్టి గది నీకు ఉంది. "ఇలాంటి కమిటీల్లో ముప్ఫై ఏళ్ళుగా కూర్చుంటున్నాను, తప్పుని కట్టకి పైన పెట్టి పంపినవాళ్ళని చూడలేదు" అన్నాడట. రెండు షరతులు పెట్టారు. ప్రతి ఉత్తరంలోనూ మందుల పట్టీ పూర్తిగా ఉండాలి. నెలకి పది ఉత్తరాలు బయటి డాక్టరు ఎవరైనా చదవాలి.

నువ్వు అడగకపోయినా చెబుతాను. లోపల ఉంటే నేను వద్దనే వేసేదాన్ని. మూడు, రెండుతో నీ గది మూతపడేది. దర్జీ పెద్దాయన కాగితం చదివాక నాకు ఇంకో ఓటు వేయడం చేతకాదు. మీ అన్నయ్య దగ్గు తగ్గినా చేతకాదు. నా అభిప్రాయం మారలేదు, మారిందని ఎక్కడా చెప్పుకోకు.

కానీ తలుపు మూసి ఉన్న ఆ ఇరవై నిమిషాలూ ఆ ఊగే బెంచీ మీద రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, నేను లోపల లేనందుకు నువ్వు గెలవాలని కోరుకున్నాను.

నీ వదిన